మా అత్తగారికంటే ముందు వాళ్ళకి తెలిసింది

పటమట, విజయవాడ

ఒరేయ్ శీనూ,

ఫోన్ చేసి తిడదామనే అనుకున్నాను, కానీ నా ఫోన్ ఖాళీగా ఉంటే కదా! పది రోజులుగా మోగుతూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

మా పాప ఎంసెట్ రాసింది కదా (ఈఏపీసెట్ అనాలట, మన నోటికి ఎంసెట్టే). కీ వచ్చిన రోజు సాయంత్రం, మార్కులు కొడితే ఎంత ర్యాంకు రావచ్చో చెప్పే సైటేదో ఫ్రెండ్ చూపించిందట. పేరు, మార్కులు, కేటగిరీ, నాన్న నంబరు, అన్నీ కొట్టేసింది. మర్నాడు పొద్దున్నే పెసరట్టు ముందు కూర్చున్నానో లేదో మొదటి ఫోన్. "సార్, పాపకి ఇరవై వేల లోపు వచ్చేలా ఉందండి. మీది బీసీ-డీ కదా, రీయింబర్స్‌మెంట్ కూడా వస్తుంది. హాస్టల్ కావాలాండీ?" ఒరేయ్, మా అత్తగారికి మేమింకా మార్కులే చెప్పలేదు! ముక్కూ మొహం తెలియనివాడు ర్యాంకుతో పాటు కులం కూడా చదివేస్తున్నాడు. మధ్యాహ్నానికి పదకొండు ఫోన్లు. బెంజి సర్కిల్ దగ్గర బండి పక్కకి తీసి ఒకటి ఎత్తితే, అది బెంగళూరు కాలేజీ.

సైటుని ఎవడో హ్యాక్ చేశాడనుకున్నాను. మా అక్క కొడుకు సాఫ్ట్‌వేరు కదా, వాడొచ్చి చూసి నవ్వాడు. "దొంగలెవరూ పడలేదు మామయ్యా, తలుపు తీసి వాళ్ళే ఇచ్చారు" అన్నాడు. ఫారం అడుగున చీమ తలకాయంత అక్షరాలు, పక్కన చిన్న గడి. భాగస్వామ్య సంస్థలు మమ్మల్ని సంప్రదించడానికి ఒప్పుకుంటున్నాం అని దాని సారాంశం. గడిలో టిక్కు ముందే పెట్టి ఉంది. పాప దాన్ని చూడనే లేదు.

పైన తాళం బొమ్మ ఉంది కదరా అన్నాను. ఆ తాళం దారికేనట. మన ఫోన్ నుంచి సైటు దాకా వెళ్ళేది మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడుతుంది. కవరుకి లక్క సీలు వేసినట్టు. చేరినచోట విప్పేవాడు మంచివాడా కాదా అన్నది దానికి తెలియదు.

పాస్‌వర్డ్ సంగతి వాడు చెప్తే నాకు భలే నచ్చింది. బుద్ధున్న సైటు మన పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచుకోదట, రోట్లో వేసి నూరేస్తుంది. పచ్చడి అయ్యాక మళ్ళీ మిరపకాయలు రావు కదా! మళ్ళీ లాగిన్ అయినప్పుడు కొత్తగా కొట్టింది నూరి, పచ్చడినీ పచ్చడినీ పోల్చి చూస్తుంది. ఇద్దరు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా పచ్చళ్ళు ఒకేలా రాకుండా ఒక్కొక్కరికి వేరే ఉప్పు కలుపుతుందట. నిజంగానే దాన్ని సాల్ట్ అంటారు, నా కల్పన కాదు. ఇక మన ర్యాంకుల సైటు సంగతి విను. పాస్‌వర్డ్ మర్చిపోయానని నొక్కితే, పాత పాస్‌వర్డే మెయిల్‌లో పంపేసింది! అంటే నూరనే లేదు, కాయలు కాయలుగానే ఉన్నాయి.

మీ జర్మనీలో 2018 మే 25 నుంచి జీడీపీఆర్ ఉందిగా, అదే, మన వివరాలు కాపాడే యూరప్ చట్టం. నా వివరాలు చూపించు, తీసెయ్ అని అడిగితే మామూలుగా నెలలో జవాబివ్వాలటగా. మనకీ 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలతో గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. మన వివరాలు కాపాడే చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో. మనకి పనికొచ్చే హక్కులకి మాత్రం 2027 మే దాకా ఆగాలి. అప్పుడు ముందే కొట్టిన టిక్కు ఒప్పుకోలు కింద చెల్లదు. ఒప్పుకున్నది వెనక్కి తీసుకోవడం కూడా ఇచ్చినంత తేలిగ్గా ఉండాలి. పద్దెనిమిది నిండని పిల్లలైతే అమ్మానాన్నల అనుమతి తీసుకోవాలి. మా పాపకి పదిహేడున్నర! వివరాలు భద్రంగా ఉంచకపోతే జరిమానా 250 కోట్ల దాకా. నాకు అన్నిటికంటే నచ్చింది, ఒప్పుకోమని అడిగేటప్పుడు ఇచ్చే నోటీసు కావాలంటే తెలుగులో చదువుకోవచ్చు. మా నాన్నలాంటివాళ్ళకి ఇంగ్లీషులో నలభై పేజీలిచ్చి "ఒప్పుకున్నారుగా" అంటే అది ఒప్పుకోవడమా?

ఇప్పటికి చేతిలో ఉన్నది 2011 నాటి ఐటీ నిబంధనలు. తమాషా ఏంటంటే, వాటిలోని సున్నితమైన వివరాల జాబితాలో పాస్‌వర్డ్, బ్యాంకు, ఆరోగ్యం, వేలిముద్రలు ఉన్నాయి గానీ కులం లేదు, ఫోన్ నంబరూ లేదు. మన దేశంలో కులం సున్నితం కాదట, చెప్పుకో! ఫిర్యాదుల అధికారి పేరు మాత్రం సైట్లో పెట్టాలి, నెలలోగా తేల్చాలి. వెతగ్గా వెతగ్గా అట్టడుగున ఓ మెయిల్ ఐడీ దొరికింది. పాప వివరాలు తీసేయండి, ఎవరెవరికిచ్చారో చెప్పండి అని రాశాను. మూడో రోజు జవాబొచ్చింది: "మీ ఆసక్తికి ధన్యవాదాలు, మా కౌన్సెలర్ త్వరలో మీకు ఫోన్ చేస్తారు."

మళ్ళీ రాశాను, ఈసారి కాస్త కారంగానే. చూడాలి.

నీకో ప్రశ్న. మీ దగ్గర సైటు తెరవగానే కుకీల (మనల్ని గుర్తుపెట్టుకోడానికి సైటు మన ఫోన్లో దాచే చిన్న చీటీలు) గడి వస్తుంది కదా, నువ్వు నిజంగా చదివి వద్దని నొక్కుతావా, లేక నాలాగే విసుగొచ్చి అన్నిటికీ సరే అంటావా? నిజం చెప్పు. పాప కౌన్సెలింగ్ అయ్యాక మిగతాది రాస్తాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఇదిగో, మళ్ళీ మోగుతోంది. ఈసారి చెన్నై నంబరు.

నీ
రాంబాబు