ఆ రెండు లైన్లూ చదవండి

విదేశీ కొనుగోలుదారుతో గొడవ వస్తే ఎక్కడ, ఏ నిబంధనల కింద తేల్చుకోవాలో చూసుకోకుండానే మన చిన్న ఎగుమతిదారులు ఒప్పందాలపై సంతకాలు పెట్టేస్తున్నారు. గుంటూరులో మిర్చి ఎగుమతిదారుల లెక్కలు చూసే నాకు ఇది తరచూ కనబడుతోంది. ధర, తేమ శాతం, షిప్‌మెంట్ తేదీ దగ్గర గట్టిగా బేరమాడతారు. చివరి పేజీలో ‘ఆర్బిట్రేషన్ లండన్‌లో, ముగ్గురు ఆర్బిట్రేటర్లు’ అన్న రెండు లైన్లు మాత్రం ఎవరూ చదవరు. ఆర్బిట్రేషన్ అంటే గొడవను కోర్టులో కాకుండా, ఆర్బిట్రేటర్లు అనే ప్రైవేటు తీర్పరుల దగ్గర తేల్చుకోవడం. సరుకు నాణ్యత బాగాలేదంటూ అవతలివాళ్లు ఒక కంటెయినర్ డబ్బు ఆపేస్తే, ఆర్బిట్రేటర్ల ఫీజులు, లాయర్ల ఖర్చే రావాల్సిన బాకీని మించిపోతుంది. న్యాయం తమవైపే ఉన్నా డబ్బు వదిలేసుకుంటున్నారు, ఇది చాలా అన్యాయం. పైగా లండన్‌ను సీటుగా, అంటే చట్టపరంగా ఆర్బిట్రేషన్ జరిగే చోటుగా, రాసుకుంటే అవార్డును (ఆర్బిట్రేటర్ల తీర్పును) సవాలు చేయాల్సిందీ అక్కడి కోర్టుల్లోనే. 2012లో బాల్కో (భారత్ అల్యూమినియం కంపెనీ) కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే. తక్కువ ఖర్చు దారులు లేకపోలేదు. సింగపూర్ అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ సెంటర్ 2025 నిబంధనల్లో, 10 లక్షల సింగపూర్ డాలర్ల లోపు వివాదాలను ఒకే ఆర్బిట్రేటర్ 3 నెలల్లో తేల్చే పద్ధతి వచ్చింది. హైదరాబాద్‌లోనూ 2021లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కేంద్రం ప్రారంభమైంది. కాబట్టి స్పైసెస్ బోర్డు, రొయ్యల ఎగుమతులు చూసే ఎంపెడా కలిసి ఒప్పందాల్లో రాసుకోవడానికి ఒక నమూనా ఆర్బిట్రేషన్ షరతు తయారుచేసి, తెలుగు వివరణతో సహా రిజిస్ట్రేషన్ రోజునే ప్రతి ఎగుమతిదారు చేతిలో పెట్టాలి. అందులో ఒకే ఆర్బిట్రేటర్, ఆన్‌లైన్ విచారణ, మనకు అందుబాటులో ఉండే సీటు తప్పనిసరిగా ఉండాలి.

– ఒక అకౌంటెంట్, గుంటూరు