ఆదివారం బెర్న్‌స్టీన్ సాయంత్రం

అందరికీ నమస్కారమండీ. ఈ ఆదివారం సాయంత్రం 6కి, మాగుంట లేఅవుట్‌లో మామూలుగా కలిసే మేడ మీదే. ఈసారి అమెరికన్ ఆర్కెస్ట్రా కండక్టర్ (వాద్యబృందాన్ని నడిపించేవాడు) లియొనార్డ్ బెర్న్‌స్టీన్ సంగీతం.

1943 నవంబర్ 14న న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా కచేరీ నడిపించాల్సిన బ్రూనో వాల్టర్‌కి ఒంట్లో బాగోలేదు. రిహార్సల్ కూడా లేకుండా ఆయన బదులు పాతికేళ్ల కుర్రాడు బెర్న్‌స్టీన్ నిలబడ్డాడు. మర్నాడు పేపర్లో మొదటి పేజీ వార్త! 1958లో అదే ఆర్కెస్ట్రాకి సంగీత దర్శకుడయ్యాడు. టీవీలో పిల్లలకు సంగీతం విడమరిచి చెప్పేవాడు. నాకు అదే ఎక్కువ ఇష్టం, అందుకే పిల్లల్నీ తీసుకురండి.

చివర్లో బెర్లిన్ గోడ కూలిన సందర్భంగా జరిగిన 1989 బెర్లిన్ కచేరీ వింటాం. బీథోవెన్ తొమ్మిదో సింఫనీలో ‘ఆనందం’ అన్నచోట ‘స్వేచ్ఛ’ అని పాడించాడు.

వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి, కుర్చీలకు చెప్పాలి. మంచి స్పీకర్ ఎవరైనా తెండి, పోయినసారి మాది మధ్యలో మూగబోయింది. మలై కాజా నా వంతు.

ఫోన్లు సైలెంట్‌లో పెట్టడం మర్చిపోకండి.