అడవి అంటుకున్న రాత్రి మా ఊరికి అండగా నిలిచిన వాళ్లకు

మన్ననూరు దగ్గర, అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచున ఉంటుంది మా ఊరు. మొన్న రాత్రి గుట్ట మీద నుంచి దిగిన మంట మా చేల గట్ల దాకా వచ్చి ఆగింది. ఇళ్లు నిలబడ్డాయి, గొడ్లు దక్కాయి, మనుషులకు ఏమీ కాలేదు. దాన్ని ఆపిన వాళ్లలో చాలామంది పేర్లు కూడా మాకు తెలియవు. తెల్లారేసరికి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. వాళ్లలో ఎవరో ఒకరి కంటనైనా పడుతుందని ఇది రాస్తున్నాను.

ముందుగా అటవీ శాఖ బేస్ క్యాంప్ వాచర్లకు. ఫైరింజన్ రోడ్డు దాకానే రాగలిగింది, ఆ రాళ్ల గుట్ట ఎక్కడం దాని వల్ల కాదు. పైకి వెళ్లింది వీళ్లే, వీపున గాలి ఊదే బ్లోయర్లు తగిలించుకుని. అడవి మంటను నీళ్లతో ఆర్పుతారని నాకు చిన్నప్పటి నుంచి ఒక ఊహ. అక్కడ నీళ్లెక్కడివి? బ్లోయర్‌తో ఎండుటాకులను మంట వైపే ఊదేసి, ముందు నేలను నున్నగా చేస్తారు. కాలడానికి ఏమీ దొరక్క మంట అక్కడే చచ్చిపోతుంది. వెనకాల మిగతావాళ్లు పచ్చి మండలతో కొడుతూ వస్తారు. ఊళ్లో కుర్రాళ్లు మండలు పైకెత్తి బాదుతుంటే ఒక వాచర్ అన్న ఆపి చూపించాడు: "ఎత్తి కొడితే నిప్పురవ్వలు ఎగురుతయి తమ్మీ, అదిమి కాలిన దిక్కుకు గుంజాలె." అంత పొగలో, అంత వేడిలో కూడా ఆయన గొంతులో విసుగు లేదు. ఆయన ప్లాస్టిక్ చెప్పుల అడుగు ఒక పక్క కరిగి వంకరపోయింది. వాటితోనే మళ్లీ గుట్టెక్కాడు.

పెంట నుంచి, అంటే అడవిలోని చెంచుగూడెం నుంచి వచ్చిన చెంచు పెద్దాయన రుణం మేం ఎప్పటికీ తీర్చుకోలేం. మేమంతా గుట్ట మొదట్లో గుంపుగా నిలబడి ఉంటే, "గాలి తిరిగింది, పొద్దుగూకినాక కిందికే దిగుతది, వాగు కాడ నిలబడుండ్రి" అన్నాడు. పగలు గుట్ట ఎక్కే గాలి రాత్రి గుట్ట దిగుతుందట. ఎండిన వాగు ఇసుకే మాకు అడ్డుగోడ అయ్యింది. అటు పక్క ఆకులన్నీ ఊడ్చి నిలబడ్డాం. మంట వచ్చింది, వాగు దాటలేకపోయింది. ఆ మాట వినకపోయి ఉంటే గడ్డివాములు మిగిలేవి కావు.

మరొకటి తప్పకుండా చెప్పాలి. తూర్పు వైపు మంట దానంతట అదే సన్నబడింది. ఎండలు ముదరక ముందే అటు మంట దాటకుండా ఖాళీ పట్టీలా ఫైర్ లైన్ కొట్టి, ఆకూ అలమూ ఊడ్చి కాల్చేశారు. అప్పుడు ఆ దారిన పోతూ అందరం చూశాం గానీ, అది మా ఇళ్ల కోసమని ఎవరికి తడుతుంది! ఆ రోజుకూలీ పని చేసిన వాళ్లకు కూడా దండాలు.

ఉపగ్రహం మంటను పసిగడితే ఫారెస్ట్ సర్వే వాళ్ల అలర్ట్ బీట్ ఆఫీసర్ ఫోన్‌కు వస్తుందట. మా దగ్గర మాత్రం అంతకంటే ముందు మేకలు కాసే పిల్లాడు ఫోన్ చేశాడు. శభాష్ బిడ్డా.

ఊళ్లో ఆడవాళ్ల గురించి ఎంత రాసినా తక్కువే. బిందెలతో గడ్డివాములు తడిపారు, పలుపులు కోసి బర్రెలను చెరువు కట్టకు తోలారు, అర్ధరాత్రి పొయ్యి వెలిగించి ఉప్మా వండారు. ఆయాసం ఉన్న మా అమ్మను హైవే మీద పోతున్న ఒక కారు వాళ్లు ఆపి ఎక్కించుకుని అచ్చంపేట ఆసుపత్రిలో దింపారు. శ్రీశైలం వెళ్లే యాత్రికులట, దర్శనం మానుకుని వెనక్కి తిరిగారు. అమ్మ ఇప్పుడు బాగుంది, రోజూ మిమ్మల్నే తలుచుకుంటోంది.

మంట ఆరినా పని అయిపోలేదు. చెదలు తిని బోలుగా ఉన్న చెట్లు లోపల రాజుకుంటూ, పైనుంచి పొగ వదులుతున్నాయి. వాచర్లు రోజూ వచ్చి మొద్దుల మీద మట్టి పోసి, అరచేయి పెట్టి వేడి చూసి వెళ్తున్నారు. దండెం మీద ఆరేసిన బట్టల మీద ఇంకా బూడిద రాలుతోంది. కొండముచ్చులు గుంపుగా మా చింతచెట్ల మీదికి వచ్చి చేరాయి. వాటిని తరమొద్దని ఊరంతా అనుకున్నాం, తొట్లలో నీళ్లు పోస్తున్నాం.

ఎవరు అంటించారో తెలియదు, ఎవరినీ అనడం లేదు. ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాల్చేవాళ్లకు మాత్రం ఒక్క మనవి: చీపురుతో ఊడ్చుకోండి, లేదంటే పాత చీర పరచండి. మా ఊళ్లో చీరలు ఇస్తామని ఆడవాళ్లే ముందుకొచ్చారు.

వాచర్లందరికీ మందపాటి తోలు బూట్లు కొనాలని ఊళ్లో చందాలు వేసుకుంటున్నాం. సైజులు కావాలి, క్యాంపులో ఎవరైనా రాసి పంపండి. మీ టార్చిలైటు ఒకటి, బ్లోయర్ పెట్రోల్ డబ్బా ఒకటి మా అరుగు మీదే ఉండిపోయాయి. ఇటు వచ్చినప్పుడు తీసుకెళ్లండి, అన్నం తిని వెళ్లాలి.