నాన్నా, బాబాయికి చెప్పు, ఇక్కడ మనకు ఓటుంది

రీడింగ్, ఇంగ్లండ్,
24 జూన్ 2024

నాన్నా,

నిన్న బాబాయి ఫోన్ చేశాడు. చాలా టెన్షన్‌లో ఉన్నాడు, నేను సగం చెప్పేలోపే పెట్టేశాడు. నీ మాటైతే వింటాడు కాబట్టి అంతా వివరంగా నీకే రాస్తున్నా, చదివి సాయంత్రం ఒకసారి వాళ్లింటికి వెళ్లి రా.

సంగతేంటంటే, కోవెంట్రీలో ఎమ్మెస్ చదువుతున్న వాళ్లబ్బాయి చిన్నా జులై 4న జరిగే ఇక్కడి పార్లమెంటు ఎన్నికలకు ఓటరుగా పేరు రాయించుకున్నాడు. వెంటపడి రాయించింది నేనే. ఆ మాట డాలస్‌లో ఉన్న పిన్ని తమ్ముడి చెవిన పడింది. ఆయన "స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు ఓటేస్తే కేసు పెట్టి వెనక్కి పంపించేస్తారు" అన్నాడట. అమెరికా విషయంలో ఆయన అన్నది నిజమే, అక్కడ పౌరసత్వం లేకుండా ప్రెసిడెంటు ఎన్నికలో ఓటేస్తే నేరం. బ్రిటన్ చట్టం వేరు. ఇక్కడ వీసా మీద చట్టబద్ధంగా ఉంటున్న కామన్‌వెల్త్ (ఎక్కువగా ఒకప్పుడు బ్రిటన్ పాలించిన దేశాల కూటమి, ఇండియా కూడా అందులో ఉంది) దేశాలవాళ్లు 18 ఏళ్లు నిండితే పార్లమెంటు ఎన్నికల్లో ఓటెయ్యొచ్చు. ఇండియా పాస్‌పోర్టు వదులుకోనక్కర్లేదు. స్టూడెంట్ వీసా అయినా, వర్క్ వీసా అయినా, డిపెండెంట్ అయినా తేడా లేదు. ఇదేదో దొడ్డిదారి అని బాబాయి అనుకోకూడదు, ఎలక్షన్ కమిషన్ లాంటి సంస్థ ఇక్కడా ఉంది, వాళ్లే ఈ మాట స్పష్టంగా చెబుతారు.

ఎందుకిచ్చారంటే అది పాత చరిత్ర. స్వాతంత్ర్యానికి ముందు బ్రిటిష్ పాలన కింద ఉన్న మనవాళ్లంతా బ్రిటిష్ రాజు ప్రజల కిందే లెక్క, అందుకే 1892లోనే దాదాభాయ్ నౌరోజీ లండన్‌లోని ఫిన్స్‌బరీ సెంట్రల్ నుంచి ఎంపీ కాగలిగాడు, నువ్వు క్లాసులో చెప్పేవాడివి కదా. సామ్రాజ్యం పోయింది గానీ ఆ ఓటు హక్కును మాత్రం వీళ్లు తీసెయ్యలేదు. 1949లో లండన్ డిక్లరేషన్‌కి నెహ్రూ ఒప్పుకుని, గణతంత్రం అయ్యాక కూడా మన దేశాన్ని కామన్‌వెల్త్‌లో ఉంచకపోతే ఈరోజు నాకు ఈ ఓటు ఉండేది కాదేమో. మా ఆఫీసులో నా పక్కన కూర్చునే ఇటలీ ఆవిడ నాకంటే ఎన్నో ఏళ్ల ముందు వచ్చింది, ఇల్లు కొనుక్కుంది, పిల్లలు ఇక్కడే పుట్టారు, అయినా ఆవిడకి పార్లమెంటు ఓటు లేదు, నాకుంది. ఆ మాట చెబితే ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. అంత విలువైనది చేతిలో ఉండి కూడా మనవాళ్లలో చాలామందికి తెలియకపోవడం నాకు నిజంగా బాధనిపిస్తుంది. తెలుగు సంఘం పండగల్లో కలిసినవాళ్లని అడుగుతుంటాను, "మనకెక్కడ ఉంటుందమ్మా" అంటారు. మరోపక్క సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఉదయ్ నాగరాజు ఈ ఎన్నికల్లో లేబర్ పార్టీ తరఫున నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఏకంగా పోటీయే చేస్తున్నాడు.

పేరు నమోదు చేసుకోవడం కష్టమేం కాదు. ప్రభుత్వ వెబ్‌సైట్లో పేరు, అడ్రసు, పుట్టినతేదీ, ఏ దేశ పౌరులమో, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (ఇక్కడ ఉద్యోగం, పన్నుల లెక్కకి ఇచ్చే నంబరు) ఇస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఈ ఎన్నికలకు జూన్ 18 అర్ధరాత్రితో గడువు ముగిసింది, చిన్నా దానికి ముందే చేశాడు. వాడు బూత్‌కే వెళ్లి వేస్తాడు. పోయిన ఏడాది నుంచి ఇంగ్లండ్‌లో బూత్ దగ్గర ఫొటో గుర్తింపు అడుగుతున్నారు, మన ఇండియా పాస్‌పోర్టు చూపిస్తే చాలు. ఇండియా పాస్‌పోర్టునే ఓటరు గుర్తింపుగా తీసుకుంటున్నారంటే ఓటేసినందుకు కేసు ఎలా పెడతారు? బాబాయికి ఈ ఒక్క ముక్క చెప్పు, మిగతాదంతా ఆయనకే అర్థమవుతుంది.

ఇక నాది పోస్టల్ ఓటు. ఆ రోజు ఆఫీసు పని మీద ఎడిన్‌బరోలో ఉంటాను, అందుకని ముందే అప్లై చేశాను. ఇక్కడ 2001 నుంచి ఎవరైనా కారణం చెప్పకుండానే పోస్టులో ఓటేస్తానని అడగొచ్చు. డ్యూటీ ఆర్డరు అక్కర్లేదు, డాక్టరు సర్టిఫికెట్ అక్కర్లేదు. తెల్లకాగితం మీద నల్ల ఇంకుతో సంతకం చేసి ఫొటో తీసి అప్‌లోడ్ చేస్తే సరిపోయింది. పోయిన వారం కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) నుంచి కవరు వచ్చింది. విప్పి చూడగానే నువ్వే గుర్తొచ్చావు, ఎందుకంటే లోపల ఉన్నవి కవర్ ఎ, కవర్ బి. నీకు ఎలక్షన్ డ్యూటీ పడినప్పుడు పోస్టల్ బ్యాలెట్‌తో ఇచ్చే ఫారం 13బి, 13సి కవర్లు అచ్చం ఇవే కదా! బ్యాలెట్ పేపరు మీద నచ్చిన అభ్యర్థి పేరుకి ఎదురుగా ఇంటూ గుర్తు పెట్టి ఎ కవర్లో వేసి అంటించాలి. సంతకం, పుట్టినతేదీ ఉన్న డిక్లరేషన్ కాగితాన్ని, ఆ ఎ కవర్ని కలిపి బి కవర్లో పెట్టాలి. స్టాంపు కూడా అంటించక్కర్లేదు. ఒక్క తేడా ఏంటంటే, మీ డిక్లరేషన్, అంటే 13ఎ ఫారం మీద గెజిటెడ్ అధికారి సంతకం కావాలి, ఇక్కడ సాక్షి సంతకమే లేదు. మొన్న మన కౌంటింగ్ ముందు ఆ సంతకం కింద సీలు, హోదా ఉండాలా వద్దా అని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు కదా, ఇక్కడ ఆ గొడవకి తావే లేదు.

అలాగని గుడ్డిగా నమ్మేస్తారని కాదు. 2004లో బర్మింగ్‌హామ్ కౌన్సిల్ ఎన్నికల్లో రెండు వార్డుల్లో పోస్టల్ ఓట్లతో పెద్ద మోసమే జరిగింది, మరుసటి ఏడాది ఎలక్షన్ కోర్టు ఆ ఫలితాలను రద్దు చేసింది. ఆ తర్వాత 2006లో చట్టం మార్చి సంతకం, పుట్టినతేదీ సరిచూసే పద్ధతి పెట్టారు. అప్లికేషన్‌లో ఇచ్చిన సంతకంతో డిక్లరేషన్ మీది సంతకం సరిపోలకపోతే ఓటు లెక్కపెట్టరు, ఎ కవర్ విప్పనే విప్పరు. నేను బ్యాంకు చెక్కు మీద పెట్టినంత జాగ్రత్తగా పెట్టాను.

పోస్టల్ ఓటులో నాకు ఇబ్బందిగా అనిపించేది ఇంకోటుంది. బూత్‌లో అయితే అట్టపెట్టె చాటు ఉంటుంది, ఎవరూ తొంగిచూడరు. ఇక్కడ బ్యాలెట్ మన డైనింగ్ టేబుల్ మీదకే వస్తుంది. పక్కన మొగుడుంటాడు, అత్తమామలుండొచ్చు, "నువ్వు కూడా దీనికే పెట్టెయ్" అనేవాళ్లు ఉండొచ్చు. నువ్వు ప్రిసైడింగ్ ఆఫీసరుగా వెళ్లొచ్చినప్పుడల్లా, భార్య వెనకాలే లోపలికి వెళ్లబోయిన భర్తల్ని ఎలా ఆపావో చెప్పేవాడివి. అది మనసులో పెట్టుకునే నేనూ ఆయనా వేరే వేరే గదుల్లో కూర్చుని గుర్తు పెట్టుకున్నాం, ఎవరికి వేశామో అడుక్కోలేదు. ఇదే మాట ఇక్కడ మనవాళ్లిళ్లల్లో ఆడవాళ్లందరికీ చెబుతున్నాను.

పోస్టులో వేసేసి ఊరుకోకూడదు. జులై 4 రాత్రి 10 గంటలకల్లా బి కవర్ వాళ్ల చేతికి చేరాలి, ఆ రోజు పోస్టు చేశామంటే కుదరదు. అందుకే నేను వచ్చిన మర్నాడే పంపించేశాను. వేరే ఊళ్లో ఉన్న మా ఫ్రెండుకి ఇంకా కవరే రాలేదు. పోలింగుకి నాలుగు పనిదినాల ముందు నుంచి కౌన్సిల్ ఆఫీసుకి వెళ్లి అడిగితే ఇంకోటి ఇస్తారు, ఆ కవర్ని పోలింగ్ రోజు బూత్‌లో కూడా ఇచ్చి రావొచ్చు. తనకి ఆ మాట చెప్పాను, సెలవు పెట్టి అయినా వెళ్తానంది.

నీకో సందేహం రావొచ్చు, పరాయి దేశం రాజకీయాలు మనకెందుకని. నాన్నా, ఈ ఒక్క ఏడాదిలోనే ఏం జరిగిందో చూడు. జనవరి నుంచి మాస్టర్స్‌కి వచ్చే పిల్లలు భార్యనో భర్తనో తెచ్చుకోవడానికి వీల్లేదన్నారు, మార్చిలో కేర్ వర్కర్లకూ అదే చేశారు, ఏప్రిల్‌లో వర్క్ వీసాకి కావలసిన జీతం 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెంచారు. ఇవన్నీ పార్లమెంటు నడిపేవాళ్లు చేసే నిర్ణయాలే. చిన్నా చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవాల్సింది ఇలాంటి నియమాల మధ్యే. ఏ పార్టీకి వెయ్యాలో వాడికి నేను చెప్పలేదు, వాడి ఏరియాలో నిలబడ్డవాళ్లు ఏం రాశారో చదువుకోమన్నాను.

ఇంతా చేసి, మే 13న మన ఊళ్లో ఓటు వెయ్యలేకపోయాను. అది మాత్రం నన్ను తొలుస్తూనే ఉంది. నాయనమ్మకి 85 దాటాయని 12డి ఫారం (ఇంటి దగ్గరే ఓటు వేస్తామనే దరఖాస్తు) తీసుకుని ఇంటికే వచ్చి ఓటు వేయించుకున్నారు, అది వినగానే ఎంత సంతోషపడ్డానో. సైనికులకి బ్యాలెట్ ఆన్‌లైన్‌లో పంపుతున్నారు. విదేశాల్లో ఉండే మాకు మాత్రం 2011 నుంచి పేరు రాయించుకోవడానికి వీలిచ్చారు గానీ ఓటెయ్యాలంటే పాస్‌పోర్టు పట్టుకుని మన బూత్‌కే రావాలి. టికెట్ పెట్టుకోగలిగినవాళ్లు వచ్చారు. గల్ఫ్‌లో కూలిపని చేసుకునే మనవాళ్లు ఎలా వస్తారు? మన బదులు ఇంకొకరు వేసేలా 2018లో లోక్‌సభలో బిల్లు పాసైంది, రాజ్యసభలో పాసవకుండానే మురిగిపోయింది. 2020లో ఎన్నికల సంఘం పోస్టల్ బ్యాలెట్ ఇవ్వొచ్చని కేంద్రానికి రాసింది, అదీ అమలు కాలేదు. పరాయి దేశం నా సంతకం నమ్మి ఇంటికే బ్యాలెట్ పంపుతుంటే, పుట్టిన ఊరి ఎమ్మెల్యేని ఎన్నుకోవడానికి ఇన్ని వేల మైళ్లు రావాలనడం అన్యాయం కాదా?

అయినా పేరు లేకపోతే అడగడానికి కూడా నోరుండదు. ఈ వారంలో ఫారం 6ఎ (విదేశాల్లో ఉండే భారతీయులు ఓటరుగా పేరు రాయించుకునే దరఖాస్తు) ఆన్‌లైన్‌లో పెడుతున్నాను, పాస్‌పోర్టులో మన ఇంటి అడ్రసే ఉంది కాబట్టి బీఎల్‌ఓ (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) అక్కడికే వస్తారు. అమ్మని అడిగితే కంగారుపడుతుంది, నువ్వే మాట్లాడు. నా పాస్‌పోర్టు, వీసా పేజీల కాపీలు వాట్సాప్‌లో పంపుతా, ప్రింట్ తీయించి బీరువాలో పెట్టు. నా పాత ఓటరు కార్డు కూడా అక్కడే ఉండాలి, కనిపిస్తే దాని నంబరు ఫొటో తీసి పంపు. బాబాయి ఏమన్నాడో రాత్రికి ఫోన్ చెయ్యి, చిన్నా ఎదురుచూస్తున్నాడు.

నీ కూతురు