కీట్స్ ఉత్తరాల్లోని నవ్వు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ సాహిత్య పుటలో ఆంగ్ల కవి జాన్ కీట్స్ మీద వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. క్షయ, ఫలించని ప్రేమ, 1821లో 25 ఏళ్లకే రోమ్‌లో మరణం, వీటి చుట్టూనే అది తిరిగింది. ఇవన్నీ నిజాలే, కానీ ఆయన ఉత్తరాలు చదివినవారికి ఇంత దీనుడు కనిపించడు.

1819 వసంతంలో, అమెరికాలో స్థిరపడిన తమ్ముడు జార్జికీ మరదలికీ ఆయన నెలల తరబడి ఒకే ఉత్తరం రాశాడు. అందులో, ఒక వీరుడు మోహిని వలలో పడే కథను చెప్పే తన ‘లా బెల్ డామ్’ గీతాన్ని ఎత్తి రాస్తూ, ఆ వీరుడు మోహిని కళ్లను నాలుగు ముద్దులతోనే ఎందుకు మూశాడో తానే సంజాయిషీ ఇచ్చుకుంటాడు: రెండు కళ్లకూ న్యాయం జరగాలంటే సరిసంఖ్య కావాలట, ఏడు అని ఉంటే కంటికి మూడున్నర చొప్పున పంచవలసి వచ్చేదట! పర్లాకిమిడిలో సాయంత్రాలు మా అరుగు మీద చేరే మిత్రులకు ఈ లెక్క చదివి వినిపిస్తే, ఆంగ్ల కవిత్వమంటే ఆమడ దూరం పోయేవారు సైతం పకపకా నవ్వారు. అదే ఉత్తరంలో, కాస్త తరువాత, ఈ లోకం కన్నీటి లోయ కాదనీ, ఆత్మలు తయారయ్యే లోయ అనీ, లోకమే బడి అయితే మనిషి గుండె అందులో అక్షరాలు దిద్దే పలక అనీ అంటాడు. ముద్దుల లెక్క వేసిన కలమే ఈ మాటా రాసింది. మా కాలేజీ రోజుల గైడు పుస్తకాలు రెండోదాన్ని ఉంచి మొదటిదాన్ని తీసేసేవి. మీ వ్యాసకర్తా ఆ దారినే నడిచారు.

ఆ హాస్యం తన స్థితి తెలియక వచ్చింది కూడా కాదు. లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో వైద్యం నేర్చి, 1816లో లైసెన్సు పొంది, క్షయతో పోయిన తమ్ముడు టామ్‌కు దగ్గరుండి సేవ చేసిన కీట్స్‌కు తన దగ్గులో పడిన నెత్తురు ఏమి చెబుతోందో ఎవరూ వివరించనక్కరలేదు. అయినా నేపుల్స్ రేవులో పది రోజులు ఓడ దిగనివ్వక క్వారంటైన్‌లో ఉంచినప్పుడు, జీవితంలో ఏ ఏడాదీ చేయనన్ని శ్లేషలు ఆ ఒక్క వారంలోనే, ఒక రకమైన నిస్పృహతో, చేశానని స్నేహితుడు బ్రౌన్‌కు రాశాడు.

ఈ ఉత్తరాలను మీ పుటలో ధారావాహికంగా అనువదింపజేయమని నా మనవి. పాతపట్నం మీదుగా మీ పత్రిక మాకు ఆలస్యంగా చేరినా, వాటికోసం ఎదురుచూసే పాఠకులు ఇక్కడున్నారు. అయితే అనువాదం మాట్లాడే తెలుగులో ఉండాలి. గిడుగు రామమూర్తి గారు 1880లో ఉపాధ్యాయుడిగా అడుగుపెట్టిన ఊరి నుంచి రాస్తున్నవాడిని, ఆపాటి పట్టుదల నాకు క్షంతవ్యమే అనుకుంటాను.

నేనూ కొంత ప్రయత్నించాను గాని, 1820 నవంబరు 30 నాటి ఆ బ్రౌన్ ఉత్తరం చివరి వాక్యాల దగ్గర ఆగిపోయాను. ఉత్తరంలో కూడా నీకు వీడ్కోలు చెప్పలేకపోతున్నాను, వంగి సెలవు తీసుకోవడం నాకెప్పుడూ సరిగా చేతకాలేదు అంటాడు కీట్స్. మా వైపు గడప దాటేవాడు ‘వెళ్తాను’ అనడు, ‘వస్తాను’ అంటాడు. తిరిగి రానని తెలిసినవాడి నోట ఏ మాట పెట్టాలో మీ అనువాదకులెవరైనా తేల్చగలిగితే తెలుసుకోవాలని ఉంది.

ఇట్లు,
విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా