మావారిని ఇంటికి చేర్చినవాళ్లందరికీ

అందరికీ నమస్కారం. మావారికి పక్షవాతం వచ్చిందని తెలిసి ఫోన్లు చేసినవాళ్లకి, క్యారియర్లు కట్టి పంపినవాళ్లకి ఎవరికి వారికి చెప్పుకున్నాను. ఈ నాలుగు మాటలు ఇంకొందరి కోసం. వాళ్లలో సగం మంది పేర్లు కూడా నాకు తెలీవు.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట, మేము ఇంగ్లండ్‌లోనే వేరే ఊళ్లో ఉన్నప్పుడు, మా అత్తయ్యగారు జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే చేశారు. ఇక ఇంటికి వెళ్లొచ్చని డాక్టరు చెప్పాక కూడా 19 రోజులు ఆవిడ ఆ మంచం మీదే ఉన్నారు. ఇంట్లో సాయానికి మనిషిని పెట్టే ఖర్చు కౌన్సిల్‌దని (అంటే ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది) హాస్పిటల్ వాళ్లు, ఇంకా వైద్యం కావాలి కాబట్టి హాస్పిటల్‌దేనని కౌన్సిల్ వాళ్లు. మధ్యలో ఫోన్ పట్టుకుని నేను. ఆ వార్డులో పోయిన నడక ఆవిడకి మళ్లీ రాలేదు.

అందుకే మావారికి కుడివైపు పడిపోయినప్పుడు, డిశ్చార్జి మాట తలుచుకుంటేనే నాకు వణుకొచ్చేది.

ఈసారి నాలుగో రోజే ఒకావిడ వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఇంట్లో మెట్లెన్ని? బాత్రూం కిందా, పైనా?" అని అడిగారు. మీరు హాస్పిటల్ తరఫునా, కౌన్సిల్ తరఫునా అంటే "ఇద్దరి తరఫునా" అన్నారు. ఆయన ఇంటికి వచ్చేసరికి మంచం కాళ్ల కింద దిమ్మలు, మెట్లకి రెండోవైపు కమ్మీ, గుమ్మం పక్కన తాళంచెవి పెట్టే చిన్న పెట్టె సిద్ధం. 1,000 పౌండ్ల లోపు అమరికలకి డబ్బు తీసుకోకూడదని రూలుందట.

తర్వాత 6 వారాలు పొద్దున, సాయంత్రం మనిషి వచ్చారు. దీన్ని రీఏబుల్‌మెంట్ అంటారు, ఆ 6 వారాలకి ఫీజు లేదు. వాళ్లు చేసి పెట్టరు, పక్కన నిలబడి ఆయన చేతే చేయిస్తారు. చొక్కా వేసేటప్పుడు పడిపోయిన చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు ఆ చేతినుంచి చివర తీయాలి. ఇంత చిన్న విషయం నాకు తెలీక మొదటి రోజు ఆయన్ని ఎంత బాధపెట్టానో! థెరపిస్టు స్పూను తెస్తుందనుకున్నాను. "రోజూ ఎలా తింటారో అలాగే తినండి" అని, కంచం కింద జారని చాప వేసి, కుడిచేత్తో పప్పన్నం కలిపించింది. అందరూ రాసేది ఒకే ఫైల్లో. కేరర్ రాసింది ఫిజియో చదివి వచ్చేవారు. చెప్పిందే పదిసార్లు చెప్పుకునే పని నాకు తప్పింది.

సోషల్ వర్కర్ ఒకరోజు ఆయన వివరాలన్నీ రాసుకున్నాక, "ఇప్పుడు మీ సంగతి చెప్పండి" అన్నారు. చూసుకునేవాళ్ల అవసరాలు కూడా అడిగి తెలుసుకోవాలని 2014 కేర్ యాక్ట్‌లో ఉంది. చట్టమే అయినా, ఆవిడ అడిగిన తీరుకి నాకు ఏడుపొచ్చేసింది.

ఇదంతా ఎలా కుదిరిందని ఆవిడనే అడిగాను. ఇక్కడ 1948 నుంచీ వైద్యం ఒక దారి, ఇంటి సాయం ఇంకో దారి. వైద్యం ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలో, ఉచితం. సాయం కౌన్సిల్ చేతిలో ఉంటుంది, 23,250 పౌండ్లకి మించి దాచుకున్నవాళ్లు ఖర్చంతా సొంతంగానే పెట్టుకోవాలి. ఆ ఇద్దరూ డబ్బు ఒకేచోట వేసి కలిసి ఖర్చు పెట్టుకోవచ్చని 2006 ఎన్‌హెచ్‌ఎస్ చట్టం 75వ సెక్షన్ చెప్తుంది. 2015 నుంచి బెటర్ కేర్ ఫండ్ కింద ప్రతి ప్రాంతంలోనూ కొంత డబ్బు అలా కలపక తప్పదు. దాన్ని దేనికి వాడాలో కౌన్సిల్ వాళ్లు, ఎన్‌హెచ్‌ఎస్ వాళ్లు కలిసి కూర్చునే అక్కడి హెల్త్ అండ్ వెల్‌బీయింగ్ బోర్డు ఒప్పుకోవాలి.

ఆ బోర్డు మీటింగుకి ఎవరైనా వెళ్లొచ్చంటే వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. అన్నీ అంకెలు, పట్టికలు. ఆ పట్టికల్లో ఒక వరస మా ఇంటి మెట్ల కమ్మీ అని నాకు తెలుసు. ఎవరి జేబులోంచి అని వాదించుకోకుండా ముందే కూర్చుని తేల్చిపెట్టిన మీ అందరికీ, మీరెవరో తెలియకపోయినా, చేతులెత్తి నమస్కారం.

65 దాటినవాళ్లు ఇలా ఇంటికెళ్లాక 91వ రోజుకి ఇంట్లోనే ఉన్నారా అని చాలా ఏళ్లు లెక్క చూశారట. విన్నప్పటినుంచి నేనూ క్యాలెండర్లో గుర్తు పెట్టుకున్నాను. మావారి 91వ రోజు మొన్న మంగళవారం. తలుపు దగ్గరగా వేసుకుని, తనే చొక్కా వేసుకుని బయటికొచ్చారు. ఒక గుండీ పక్క కాజాలో ఉంది. నేను సరిచేయలేదు.