తెలిసినవాడే ధర చెప్పాలి

సంపాదకులు గారికి,

పాత ఎలక్ట్రిక్ గిటార్లు లక్షల్లో పలుకుతున్నాయని ఇటీవల మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. అది అచ్చయిన వారంలోనే మా బరంపురంలో నాకు తెలిసిన మూడు ఇళ్ళలో అటక మీది గిటార్లు కిందికి దిగాయి. ఒక ఇంట్లో దాన్ని సబ్బునీళ్ళతో కడిగారు. ఇంకో ఇంట్లో కుర్రాడు తుప్పు పట్టిన మరలు తీసి పారేసి కొత్తవి బిగించాడు. మూడో ఇంటికి నేను వెళ్ళేసరికి సరుకు చేతులు మారిపోయింది. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో తిరిగి, ఈ గిటార్లను మొదట కొన్నవారి దగ్గరో, వారు లేకపోతే వారి పిల్లల దగ్గరో కొని దాచుకోవడం ఇరవై ఏళ్ళుగా నాకున్న వ్యసనం కాబట్టి, ఆ వార్తలో రాని కొన్ని సంగతులు మీ పాఠకులతో చెప్పుకోవాలనిపించింది.

ముందుగా ఆ లక్షల సంగతి. 2019లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ జరిపిన వేలంలో పింక్ ఫ్లాయిడ్ బృందపు గిటారిస్టు డేవిడ్ గిల్మర్ వాయించిన, ఫెండర్ కంపెనీ నల్ల స్ట్రాటోకాస్టర్ గిటార్ 39.75 లక్షల డాలర్లకు పోయింది. అందులో కొయ్యకూ తీగలకూ దక్కే వాటా బహు స్వల్పం, మిగిలినదంతా ఆ చేతి ఖరీదు. ప్రముఖుల చెయ్యి పడకపోయినా కోట్ల రూపాయలు పలికేవి లేకపోలేదు. గిబ్సన్ కంపెనీ 1958 నుంచి 1960 దాకా చేసిన సన్‌బర్స్ట్ రంగు లెస్ పాల్ గిటార్లు అలాంటివి, అవన్నీ కలిపినా రెండు వేలు ఉండవు. ఫెండర్ కంపెనీని 1965 జనవరిలో అమెరికా ప్రసార సంస్థ సి.బి.ఎస్. 1.3 కోట్ల డాలర్లకు కొన్నది. అంతకు ముందు తయారైన ఫెండర్లకు ఒక లెక్క, తర్వాతివాటికి మరో లెక్క. ఇదంతా అమెరికా బజారు మాట.

మన అటకల మీద ఉన్నవి అవి కావు. విదేశీ వాయిద్యాలు తెప్పించుకోవాలంటే ఆంక్షలూ, నడ్డి విరిచే సుంకాలూ ఉన్న రోజుల్లో ఇక్కడి ఆర్కెస్ట్రా కుర్రాళ్ళు హౌరా మెయిల్ ఎక్కి కలకత్తా వెళ్ళి తెచ్చుకున్నవి ఎక్కువగా అక్కడే తయారైన గివ్సన్, హోబ్నర్ గిటార్లు. ఆ పేర్లు వింటేనే అవి ఏ విదేశీ పేర్లకు వేలు విడిచిన చుట్టాలో తెలిసిపోతుంది. నేను వాటిని ఇష్టంగా కొంటాను, ఈ ప్రాంతపు పెళ్ళి పందిళ్ళూ, మెలోడీ స్టేజీలూ, చర్చి క్రిస్మస్ కార్యక్రమాలూ వాటి మీదే నడిచాయి. కానీ వాటికి వేలే వస్తాయి, లక్షలు రావు. ఈ మాట వార్తలో ఒక్క వాక్యంగా ఉన్నా ఎన్నో ఇళ్ళలో ఆశాభంగం తప్పేది.

వయసులో పెద్దవాళ్ళ ఇళ్ళలో తరచు కనబడేది హవాయి గిటార్. గిటార్‌ను ఒళ్ళో పడుకోబెట్టి ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ వాయించే ఈ పద్ధతి మన తూర్పు ప్రాంతంలో వేళ్ళూనుకోవడానికి, 1940లలో కలకత్తాలో కుటుంబంతో కాపురమున్న హవాయి కళాకారుడు టౌ మో ఒక కారణం. దీన్ని ఇప్పటి పిల్లలు గిటార్ కింద లెక్క కట్టరు. అయితే అమ్మకానికి వచ్చిన ఎలక్ట్రిక్ గిటార్లలో మొట్టమొదటిదిగా చెప్పుకొనే 1932 నాటి రికెన్‌బాకర్ కూడా ఒళ్ళో పెట్టుకుని వాయించే హవాయి రకమే. అల్యూమినియం పోతతో గుండ్రటి ఒళ్ళూ పొడుగు కాడా ఉండేలా చేసిన ఆ వాయిద్యానికి ‘ఫ్రైయింగ్ పాన్’ అని, అంటే మన వేపుడు పెనం అని, పేరు పడిపోయింది.

ఇక అరుదుగా, చాలా అరుదుగా, ఓడల్లో పనిచేసి వచ్చినవారి ఇళ్ళలో జపాన్ గిటార్లు దొరుకుతాయి. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి అలాంటి ఒక గిటార్‌తో ముడిపడి ఉంది. దానికి ముందు, దుకాణాలను వదిలిపెట్టి మొదటి యజమానుల గడపలు ఎందుకు తొక్కుతామో చెప్పాలి.

బండి కొనేటప్పుడు ఫస్ట్ ఓనరా అని అడుగుతాం. ఎలక్ట్రిక్ గిటార్ విషయంలో ఆ ప్రశ్న ఇంకా అవసరం, ఎందుకంటే దీన్ని విడదీసి కలపడం సైకిల్ విప్పినంత తేలిక. ఫెండర్ గిటార్‌లో మెడను ఒంటికి మామూలుగా నాలుగు మరలతో బిగిస్తారు, 1976కు ముందువాటిలో సీరియల్ నంబరు సాధారణంగా ఆ మరల కింది ఇనుప పలక మీదే ఉంటుంది, కాబట్టి ఒక స్క్రూడ్రైవర్ ఉంటే ఏ పలకనైనా ఏ గిటార్‌కైనా తగిలించవచ్చు. లోపలి వాల్యూం కంట్రోళ్ళ మీద ఒక అంకెల వరస ముద్రించి ఉంటుంది. 1960ల నాటి దాని మీద 304 6512 అని ఉంటే, స్టాక్‌పోల్ కంపెనీ ఆ భాగాన్ని 1965లో పన్నెండో వారం చేసిందని అర్థం. 137తో మొదలైతే సి.టి.ఎస్. కంపెనీది. ఈ అంకె చెప్పేది ఆ భాగం పుట్టిన తేదీని మాత్రమే, గిటార్ అంతకు ముందుది కాదని తేలుతుంది, ఎంత తర్వాతదో తేలదు. ఫెండర్ వారు 1966లో ఇవి గుట్టలుగా కొని పెట్టుకోవడం వల్ల 1969 గిటార్లలో కూడా 66 అంకె కనబడుతుంది. గిబ్సన్ పికప్‌ల (తీగల కదలికను పట్టి విద్యుత్తుగా మార్చే భాగాల) అడుగున అతికించిన ‘పేటెంట్ అప్లయిడ్ ఫర్’, అంటే పేటెంటుకు దరఖాస్తు చేశాం అనే చీటీలకైతే దొంగ ముద్రణలు బోలెడు. అతినీలలోహిత లైటు వేసి చూస్తే, పాతకాలపు నైట్రోసెల్యులోజ్ పూత అయిన నైట్రో పాలిష్ లేత ఆకుపచ్చగా మెరుస్తుంది, మధ్యలో కొత్త రంగు పడిన చోటు నల్లగా ఉండిపోతుంది. ఇలా పట్టుకునే విద్య ఎంత పెరిగితే మాయ చేసే విద్యా అంత పెరిగింది. ఎక్కడ కొన్నారో, ఎప్పుడు కొన్నారో, తీగలు తప్ప ఇంకేం మార్చారో నోటితో చెప్పగలిగిన మనిషి దొరికితే, ఈ పరీక్షలన్నీ ఆ మాటను సరిచూసుకోవడానికి పనికివస్తాయి. ఆ మనిషే లేకపోతే పరీక్ష మీద పరీక్ష చేస్తూ కూర్చోవాలి.

కొన్నేళ్ళ కిందట బిజిపూర్ దగ్గర ఒక ఇంటికి వెళ్ళాను. ఇంటాయన సరుకు ఓడల మీద పనిచేసి, కాలం చేసి అప్పటికి పదేళ్ళు. ఆవిడ ఒక పాత బరంపురం పట్టుచీర మూట తెచ్చి మంచం మీద పెట్టి విప్పితే, జపాన్ కంపెనీ టైస్కో చేసిన ఎర్ర రంగు గిటార్ బయటపడింది. చారల లోహపు పలక, పికప్‌కు ఒకటి చొప్పున టకటకలాడే స్విచ్చులు, తీగలు లేవు. ఆయనే తీసేశాడట, ఊరికే బిగించి ఉంచితే మెడ వంగుతుందని. (అక్షరాలా నిజం. మామూలు ఆరు తీగలూ కలిసి దాదాపు 45 కిలోల బరువుతో లాగుతుంటాయి.) బిస్కెట్ల డబ్బాలో జపాన్‌లోని కోబె రేవు పట్టణపు దుకాణం రసీదు మడతలు చిరిగిపోయి ఉంది. ఠాకురాణి యాత్ర రోజుల్లో స్టేజీ మీద ఆయన ఇదే గిటార్‌తో నిలబడిన ఫోటో వెనక, తెలుగులో ఆయన దస్తూరీతోనే సంవత్సరం రాసి ఉంది, 1968. టైస్కో సంస్థ 1967లో కవాయి కంపెనీ చేతికి పోయింది, అంచేత గిటార్ ఏ కాలానిదో తేల్చడానికి పనికివచ్చే ఆ రసీదూ ఫోటోవూ నాకు బంగారంలా తోచాయి. ఫైలిన్ తుపాను నాడు, 2013 అక్టోబరు 12న, ఇంటి పెంకులు లేచిపోతుంటే ఆవిడ ఈ మూటను బియ్యం డ్రమ్ములో పెట్టి మూత బిగించిందట.

నేను కళ్ళతోనే ధర కట్టుకున్నాను. ఆవిడ అడిగింది, “నీకు తెలుసు కదా బాబూ, నువ్వే చెప్పు.”

ఈ బేరంలో ఇదే అసలు ఘట్టం, సంపాదకులు గారూ. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. పాత వస్తువులు కొనేవాళ్ళం అందుకే ఎప్పుడూ “మీరే చెప్పండమ్మా, ఎంతకిస్తారో” అంటాం. అవతలివారు భయం భయంగా ఐదు వేలంటే, మొహం అదోలా పెట్టి నాలుగుకు దింపుతాం. అది బేరం కాదు, ఎదుటివారి తెలియనితనాన్ని అణాపైసలతో కొలవడం. తోటకూర అమ్మేవాడికి తోటకూర ధర తెలుసు కాబట్టి వాడితో గీసి గీసి బేరమాడినా తప్పు లేదు. ఇక్కడ ధర తెలిసింది ఒక్కడికే, వాడు కొనేవాడు. నేను మొదట్లో ఇలా బేరమాడి నాలుగైదు కొన్నాను, వాటిలో ఒకదాని మొదటి యజమాని తర్వాత నాకు రోడ్డు మీద ఎదురుపడితే తల దించుకున్నాను కూడా. ఆ రోజు మాత్రం ఫోన్ తీసి, అలాంటి గిటార్లు విదేశాల్లో ఎంతకు అమ్ముడయ్యాయో ఆవిడ కోడలికి చూపించాను. రవాణా, సుంకం, మరమ్మతు పోగా ఇక్కడ ఎంత వస్తుందో కాగితం మీద లెక్క వేసి, అందులో మూడింట రెండు వంతులు ఇస్తానన్నాను. వారం ఆగి మరెవరినైనా అడిగి చూడమన్నాను. ఆవిడ నాలుగో రోజునే కబురు పెట్టింది. గిటార్, రసీదు, ఫోటో నకలు ఇచ్చింది. గిటార్‌కు తగిలించుకునే పట్టీ మాత్రం తీసి దగ్గర పెట్టుకుంది. “అది నేను కుట్టినాను, చీర అంచుతో. అది ఇవ్వను” అంది. కొనేవాళ్ళ లెక్క ప్రకారం పట్టీతో సహా ఉంటే విలువ ఎక్కువ. ఆ మాట ఆవిడకు చెప్పాను, అయినా ఇవ్వలేదు.

మీ వార్త వచ్చాక ఊళ్ళమ్మట తిరుగుతున్న దళారీలు ఇంతకంటే చాలా దూరం పోతున్నారు. పర్లాకిమిడిలో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడితో, ఇది పురావస్తువు, రిజిస్టరు చేయకుండా ఇంట్లో ఉంచుకుంటే కేసు అవుతుందని ఒకాయన చెప్పాడట. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్ళు నిండిన వస్తువులకు, రాతప్రతుల్లాంటివైతే డెబ్బై అయిదేళ్ళు నిండినవాటికి, వర్తిస్తుంది. అమ్మకానికి వచ్చిన మొదటి ఎలక్ట్రిక్ గిటార్‌కే వందేళ్ళు నిండడానికి 2032 రావాలి. గుణుపురంలో ఇంకో ఇంట్లో, మెడ మీది నల్ల చెక్క నిషేధించిన కలప అని బెదిరించారు. అందులో ఆవగింజంత నిజం ఉంది. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు 1992 నుంచి అంతర్జాతీయ వ్యాపార నిషేధం ఉన్నది. మన జిట్రేగితో సహా ఆ జాతిలో మిగిలిన కలప మొత్తాన్ని 2017 జనవరిలో నియంత్రణ జాబితాలోకి తెచ్చారు గానీ, తయారైన వాయిద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు ఇచ్చారు. పైగా అదంతా దేశం దాటించేటప్పటి మాట. సొంత గిటార్‌ను సొంత ఇంట్లో ఉంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. భయపడిన ఆ రెండు కుటుంబాలూ కారుచౌకగా అమ్మేశాయి.

తప్పులు దళారీలవే అనుకునేరు, నా నిర్వాకం కూడా వినండి. ఈ వ్యసనంలో పడిన కొత్తలో నాకు దొరికిన మొదటి గిటార్ ఒక రైల్వే గార్డు కుటుంబం దగ్గర కొన్నది. ఒంటి మీద పాలిష్ సాలెగూడులా సన్నగా చిట్లి, చేతి మణికట్టు ఆనే చోట కొయ్య బయటపడి ఉంది. నేను దాన్ని కార్లకు రంగు వేసే షెడ్డుకు పట్టుకుపోయి, గరుకు కాగితంతో గీకించి, మెరిసే నలుపు వేయించాను. రెండు రోజులు మురిసిపోయాను. కొన్నవారు మణికట్టు పెట్టి పెట్టి ముప్పై ఏళ్ళలో అరగదీసిన ఆ గుర్తును నేను రెండు గంటల్లో చెరిపేశానని తెలియడానికి మరో ఆరేళ్ళు పట్టింది. రంగు మార్చిన గిటార్‌కు బజారులో దాదాపు సగం విలువ పోతుంది. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది, అమ్మలేదు, అమ్మను.

అందుచేత ఇంట్లో పాత గిటార్ ఉన్నవారు దయచేసి దానికి ఏమీ చేయవద్దు. పొడిగుడ్డతో దుమ్ము దులిపితే చాలు. తీగలు వదులు చేయండి, పూర్తిగా తీసేసినా నష్టం లేదు. రబ్బరు మీదా ప్లాస్టిక్ సంచిలోనూ పెట్టకండి, పాత నైట్రో పాలిష్‌ను అవి మెత్తబరచి దానికి అంటుకుపోతాయి. గోపాలపురం వైపు ఇళ్ళవాళ్ళకు ఉప్పుగాలి సంగతి నేను చెప్పనక్కర్లేదు, నూలుగుడ్డ చుట్టి లోపలి గదిలో పెట్టండి. విరిగిన ముక్క, ఊడిన మర, పనిచేయని పికప్ ఏదీ పారేయకండి. ఇంట్లో పెద్దవారు బతికి ఉన్నప్పుడే వారి చేత ఒక కాగితం మీద, తెలుగైనా ఒడియా అయినా సరే, ఎక్కడ కొన్నారు, ఎంతకు కొన్నారు, ఎవరెవరితో వాయించారు అన్నది రాయించి సంతకం పెట్టించండి. ఎవరైనా కొంటామని వస్తే ఆ కాగితం ఫోటో తీసుకోనివ్వండి, అసలు కాగితం మాత్రం డబ్బు చేతికి అందిన తర్వాతే ఇవ్వండి.

నాలాంటి కొనుగోలుదార్లకు నేను చెప్పగలిగింది నేను పాటిస్తున్న పద్ధతే. అమ్మినవారికి ధర, తేదీ, సీరియల్ నంబరు రాసి రసీదు ఇస్తాను. ఏడాదిలోగా నేను దాన్ని మరొకరికి అమ్మితే వచ్చిన లాభంలో సగం తిరిగి ఆ ఇంటికే పంపుతానని ఆ రసీదు మీదే రాస్తాను. ఇప్పటిదాకా అలా రెండుసార్లు పంపవలసి వచ్చింది. ఒక ఇంటివారు డబ్బు చూసి, ముందు తక్కువిచ్చి మోసం చేశావన్నమాట అని తిట్టారు కూడా. తిట్టనివ్వండి.

మీ జిల్లా పేజీలో వచ్చిన ఆ వార్తకు కొనసాగింపుగా కలకత్తా గిటార్లకూ అమెరికా గిటార్లకూ తేడా ఏమిటో, పురావస్తువుల చట్టం దేనికి వర్తిస్తుందో నాలుగు వాక్యాలు వేయవలసిందిగా కోరుతున్నాను. రాయగడ వైపు నుంచి నిన్న కూడా ఒకరు ఫోన్ చేసి, ఇంట్లో ఉన్న హోబ్నర్‌కు పది లక్షలు వస్తాయా అని అడిగారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా